మూడు తీరముల పరదేశిని
హన్నా మరియా నారిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితము (1842–1919)

ధ్యానమునకు చదువవలసిన భాగములు: రూతు 1–4 అధ్యాయములు, మత్తయి 1:5



మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో రంగము మాట వినని పాత కుటుంబము అరుదు. రంగూను పట్టణమునే మన పెద్దలు రంగమనిరి. ఒకరి తాత అక్కడి ధాన్యపు మిల్లులో బస్తాలు మోసెను. ఒకరి మేనమామ రేవులో ఓడలకు సరుకెత్తెను. ఎంత సంపాదించిరి, తిరిగివచ్చి ఎంత భూమి కొనిరి అని పురుషులను గూర్చి మనము లెక్కలు చెప్పుకొందుము. వారి వెంట వెళ్లిన కొద్దిమంది స్త్రీలను గూర్చి మనకు కథలు తక్కువ. ఊరు విడిచిన స్త్రీ దేనిని పోగొట్టుకొనెను? క్రొత్త ఊరిలో ఆమె ఎవరి మనిషి ఆయెను? ఆమెను పేరు పెట్టి పిలిచినవారెవరు?

ఈ ప్రశ్నలను మనస్సున నుంచుకొని ఈ నెల ఒక స్త్రీ జీవితమును తలంచుకొందము. ఆమె మన ఊరి ఆడుబిడ్డ కాదు. కెనడా దేశమునుండి బర్మాకును, బర్మానుండి మన శ్రీకాకుళమునకును, అటుపిమ్మట మరల బర్మాకును వెళ్లి, అక్కడ మన తెలుగువారి మధ్యనే తన దినములు గడపినది. కెనడియను బాప్టిస్టు మిషను చరిత్ర తెలిసినవారందరికి ఆమె పేరు తెలియును. అయితే ఆమె మిషను పనినిగూర్చి మాత్రమే గాక, పరదేశములో నిలువనీడ వెదకుకొనిన స్త్రీగా ఆమెనుగూర్చి వ్రాయవలెనని మాకు తోచినది.

ఓడ దిగి వెనుకకు వచ్చుట

హన్నా మరియా నారిస్ 1842లో నోవా స్కోషియా రాష్ట్రములోని కాన్సో అను ఊరిలో జన్మించెను. కాన్సో సముద్రపు ఒడ్డున చేపల వేటమీద బ్రదుకు ఊరు. మన కళింగపట్నము, భీమునిపట్నము రేవులను ఎరిగినవారికి అట్టి ఊరు ఎట్లుండునో చెప్పనక్కరలేదు. అక్కడి చలియు మంచును మాత్రమే మనకు క్రొత్త. ఆమె చదువుకొని ఉపాధ్యాయురాలై, ఊల్ఫ్‌విల్ పట్టణములోని బాలికల విద్యాలయములో బోధించెను.

విదేశములకు వెళ్లి పనిచేయవలెనను కోరికతో ఆమె తన ప్రాంతపు బాప్టిస్టుల మిషను బోర్డునకు దరఖాస్తు పెట్టుకొనెను. డబ్బు లేదని బోర్డువారు కాదనిరి. ఆ దినములలో పెండ్లికాని యువతిని ఒంటరిగా దూరదేశమునకు పంపుట సామాన్యమైన సంగతి కాదు. ఆమె నిరాశపడి ఇంట కూర్చుండలేదు. అమెరికా మిషనువారిని అడుగుటకు బోస్టను నగరమునకు పోవలెనని నిశ్చయించుకొని హాలిఫాక్సు రేవులో ఓడనెక్కెను. ఓడ కదలకమునుపే బోర్డు సభ్యులు వచ్చి, ఆమెను వెనుకకు పిలిచి, మన సంఘముల స్త్రీలనే అడిగి చూడుమని సలహా యిచ్చిరి.

ఆమె ఓడ దిగెను. 1870 జూను నెలలో తన సొంత ఊరైన కాన్సోలో మొదటి స్త్రీల మిషనెరీ సహాయ సమాజమును స్థాపించెను. ఆ వేసవిలో ఊరూర తిరిగి, కొద్ది నెలలలోనే 30కి పైగా అట్టి సమాజములను ఏర్పరచెను. ఆ సభలకు వచ్చినవారు గొప్ప ధనవంతులు కారు. జాలరుల భార్యలు, రైతుల భార్యలు, బడిపంతులమ్మలు తమ యింటి ఖర్చులో మిగిల్చిన కొద్దిపాటి సొమ్మును తెచ్చిరి. పెద్దల యొద్ద లేని డబ్బు ఈ తల్లుల కొంగుముడులలో దొరికెను. ఆ సంవత్సరపు శరదృతువులో హన్నా బర్మాకు ప్రయాణమాయెను. ఆమె స్థాపించిన సమాజములకు 2020లో 150 సంవత్సరములు నిండినవి.

ఇక్కడ మనము ఒక సంగతి గమనింపవలెను. ఊరు విడుచు స్త్రీ ఒంటరిగా వెళ్లుచున్నట్టు మన కంటికి కనబడును. గాని ఆమె వెనుక ఆమెను సాగనంపిన స్త్రీల చేతులు అనేకములుండును. మన ఊళ్లలో రంగమునకు పోవు కూతురికి తల్లి ఇచ్చిన ఆవకాయ జాడీ, పక్కింటి అప్ప కట్టిన మూట కూడ అట్టివే. ఆ మూట విప్పినప్పుడెల్ల పరదేశములో ఒక నిమిషము స్వదేశమగును.

నేర్చిన భాష విడుచుట

బర్మాలో హన్నా కరెనులను కొండజాతివారి మధ్య పనిచేసెను. వారి భాష నేర్చుకొనెను. పలుకు హెచ్చుతగ్గులను బట్టి మాట అర్థమే మారిపోవు భాష అది. ఇంగ్లీషు మాటలాడు నాలుకకు ఎంత కష్టమో ఊహించుకొనవచ్చును. పెద్ద చదువు చదివిన ఉపాధ్యాయురాలు చంటిబిడ్డవలె మరల మొదటి మాటల యొద్దనుండి ఆరంభింపవలసి వచ్చెను. పరదేశమునకు పోయిన ప్రతి స్త్రీయు ఈ చిన్నతనమును అనుభవింపవలసినదే. తన ఊరిలో పదిమందికి బుద్ధి చెప్పగలిగిన ఇల్లాలు పరాయి బజారులో ఉప్పు అడుగుటకు మాట దొరకక వ్రేలు చూపవలసి వచ్చును. ఆమె తెలివి ఎక్కడికిని పోలేదు. దానిని చెప్పుటకు మాట మాత్రమే లేదు.

1873 చివర కెనడానుండి మరి 7గురు బయలుదేరి బర్మాకు వచ్చిరి. వారిలో శాన్‌ఫర్డు దంపతులు, చర్చిల్ దంపతులు, విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ గారు ఉండిరి. 1874లో హన్నా ఆర్మ్‌స్ట్రాంగ్ గారిని వివాహమాడెను. వారందరి ఉద్దేశము సయాము దేశములోని కరెనుల మధ్య పని ప్రారంభించుట. అడవులలో తిరిగి వెదకిచూడగా, అక్కడ కరెనులు అనుకొన్నంతమంది లేరని తేలెను. ఆ సమయమున కాకినాడలో తెలుగువారి మధ్య పనిచేయుచున్న తోటి కెనడావారు వారిని తమవైపు పిలిచిరి. 1875లో వారు బంగాళాఖాతము దాటి తెలుగు తీరమునకు చేరిరి.

తక్కినవారికి ఇది దారి మార్చుకొనుట. హన్నాకు మాత్రము ఇది ఏండ్ల తరబడి కష్టపడి నేర్చిన భాషను, ఆ భాషలో సంపాదించుకొనిన స్నేహితులను వదలుకొనుట. ఆమె రెండవసారి మూగదాయెను. ఒక్కసారి ఊరు విడుచుట కష్టము. క్రొత్త ఊరు సొంత ఊరగుచుండగా దానిని గూడ విడుచుట అంతకన్న కష్టము. ఈ రెండవ కష్టమును మనము తరచుగా లెక్కపెట్టము.

శ్రీకాకుళములో

తెలుగు నేర్చుకొనిన పిమ్మట వారు ఉత్తర తీరమంతట స్థలములు పంచుకొనిరి. శాన్‌ఫర్డు దంపతులు భీమునిపట్నములో, చర్చిల్ దంపతులు బొబ్బిలిలో, ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు శ్రీకాకుళములో నిలిచిరి. లండను మిషనువారు అంతకుముందే శ్రీకాకుళమున కొంతకాలము పనిచేసియుండిరి. అప్పుడది గంజాము జిల్లాలోని ఊరు. ఇంగ్లీషువారు దానిని చికాకోలు అని వ్రాసెడివారు. నాగావళి ఒడ్డున సన్నని నేతబట్టలకు పేరు పొందిన పట్టణము. ఇంకను రైలు రాలేదు. ఎడ్లబండి, పల్లకి, గుఱ్ఱము, లేనియెడల కాలినడక, ఇవే ప్రయాణ సాధనములు.

ఇక్కడి స్త్రీల లోకములోనికి పురుషులైన మిషనెరీలకు ప్రవేశము లేదు. ఘోషాలో నుండు ఇండ్ల తలుపులు స్త్రీకే తెరువబడును. అందుచేత పెండ్లితో భర్త పేరు వెనుక మరుగుపడిన మిషనెరీ స్త్రీలకు ఈ నేలలో భర్తలు చేయలేని పని దొరకెను. ఆ కాలపు మిషను పట్టికలలో వివాహమైన స్త్రీ పేరు ఉండదు. ఫలానివారి భార్య అని మాత్రమే యుండును. 30కి పైగా సమాజములను కట్టి, తనంతట తానే సముద్రము దాటిన హన్నా నారిస్ ఇప్పుడు శ్రీమతి ఆర్మ్‌స్ట్రాంగ్. మన ఊరివారి నోట తెల్లజాతి స్త్రీలందరును దొరసానమ్మలే. ఒక్క దొరసానమ్మకు మరియొక దొరసానమ్మకు భేదము చూచువారు తక్కువ. కాన్సో ఊరిలో ఆమెను చిన్ననాటి పేరుతో పిలిచినవారు వేల మైళ్ల దూరముననుండిరి.

తెలుగు భాషలో స్త్రీని వట్టి పేరుతో పిలుచుట అరుదు. అమ్మ, అప్ప, వదిన, పిన్ని, అత్త, ఏదో ఒక వరుస కలుపుదుము. వరుస లేనిది మనకు మాట పెగలదు. వరుస కలిసిన దినమున పరాయి స్త్రీ మనింటి మనిషి యగును. వరుస కలియనంతకాలము ఎన్నేండ్లు మన వీధిలో నున్నను ఆమె పరాయిదే. దొరసాని అనునది గౌరవపు మాట గాని వరుస కాదు.

బొబ్బిలిలో నిలిచిన మెటిల్డా చర్చిల్ గారిని కూడ ఇక్కడ జ్ఞాపకము చేసికొనవలెను. ఆమె అక్కడి బాలికలకు బడి పెట్టి చదువు చెప్పెను. 1908లో భర్త చనిపోయినను ఆమె బొబ్బిలిని విడిచిపోలేదు. 1916లో ఆమె ఉత్తరములు పుస్తకముగా అచ్చుపడినవి. ఆ పుస్తకమునకు పెట్టిన పేరు, ఇండియాలోని నా ఇంటినుండి ఉత్తరములు అను భావము గలది. నా ఇల్లు అను మాట ఇప్పుడు బొబ్బిలిమీద పడినది. నోవా స్కోషియాలో పుట్టిన స్త్రీ కలము ఆ మాటను ఆ విధముగా వాడుటకు ఎన్ని యేండ్లు పట్టియుండునో ఆలోచించుడి.

మరల సముద్రము మీద

1880 దశకములో ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు మరల బర్మాకు వెళ్లిరి. ఈసారి కరెనుల యొద్దకు కాదు. మౌల్మేను, రంగూను పట్టణములకు తండోపతండములుగా వచ్చుచున్న తెలుగువారి, తమిళుల యొద్దకు.

ఆ వలస ఎట్లు సాగెనో మన పెద్దలకు తెలిసినదే. కరవులు, అప్పులు, వాన నమ్మిన చిన్న కమతములు ఇటునుండి త్రోసినవి. క్రొత్తగా సాగులోనికి వచ్చిన ఇరావతీ డెల్టా పొలములు, రంగూను ధాన్యపు మిల్లులు, రేవు అటునుండి లాగినవి. మేస్త్రీ ఊరికి వచ్చి అడ్వాన్సు ఇచ్చి మనుష్యులను కుదుర్చుకొని పోవును. విశాఖపట్నము, భీమునిపట్నము, కళింగపట్నము, కాకినాడ రేవులనుండి స్టీమర్ల పైతట్టుమీద ఎండకు వానకు ఓర్చి వారు ప్రయాణము చేసిరి. పాత కోరంగి రేవు పేరును బట్టి బర్మాలో తెలుగువారందరిని కోరింగీలు అనిరి. శ్రీకాకుళపువాడైనను, పార్వతీపురమువాడైనను అక్కడ కోరింగీయే. ఎవరి ఊరి పేరును వారికి మిగులలేదు.

వెళ్లినవారిలో అత్యధికులు పురుషులు. స్త్రీలు కొద్దిమందియే. అట్టి బస్తీలలో స్త్రీ బ్రదుకు ఎంత యిరుకో వేరుగా చెప్పవలెనా? పురిటికి తల్లి లేదు. పిల్లకు జ్వరము వచ్చిన యెడల మందు చెప్పు ముసలమ్మ లేదు. పుట్టింటివారి ముఖము చూడవలెనన్న సముద్రము అడ్డు. భర్త చనిపోయిన యెడల ఆమెకు వెనుకకు పోవుటకు ఓడ కూలి లేదు, ముందుకు బ్రదుకుటకు పని లేదు.

వీరి మధ్య హన్నా ఆర్మ్‌స్ట్రాంగ్ తన శేషజీవితములో ఎక్కువ భాగమును గడపెను. తెలుగు, తమిళ పిల్లల చదువు విషయమై ఆమె పాటుపడెను. ఆ బస్తీలలోని తెలుగు తల్లులకు ఆమె క్రొత్త భాషను తెచ్చిపెట్టలేదు. వారు శ్రీకాకుళములో విడిచివచ్చిన భాషనే తెచ్చెను. ఒక తెల్లజాతి స్త్రీ నాగావళి తీరమున నేర్చిన తెలుగును ఐరావతీ తీరమున తెలుగు పిల్లలతో మాటలాడుట! ఆమె రెండవసారి మూగదై పడిన శ్రమ వ్యర్థము కాలేదు. 1919లో ఆమె ప్రభువునందు నిద్రించెను.

మనము నిజమును దాచరాదు. హన్నా ప్రయాణమును కూలి తల్లి ప్రయాణమును ఒక్కటి కావు. హన్నా ఏలుబడి చేయువారి జాతికి చెందినది. ఆమెకు బంగళా యుండెను, జీతము పంపు సంఘములుండెను, ఇష్టమైనప్పుడు స్వదేశము చూచి వచ్చుటకు వీలుండెను. కూలి తల్లికి ఇవేవియు లేవు. ఈ భేదమును మరచి ఇద్దరిని ఒక్క త్రాసులో తూచుట కూలి తల్లికి అన్యాయము. అయినను మూడు తీరములలో పరదేశినియై నిలిచిన స్త్రీకి మరియొక పరదేశిని కంటిలోని బెదురు త్వరగా తెలియును.

మోయాబీయురాలను పేరు ఎప్పుడు పోయెను?

రూతు గ్రంథమును ఈ వెలుగులో మరల చదువుడి. రూతు బేత్లెహేమునకు వచ్చిన తరువాత గూడ ఆమెను మోయాబీయురాలైన రూతు అని గ్రంథము పలుమార్లు చెప్పుచున్నది. ఆమె అత్తను విడువలేదు, పొలములో కష్టపడెను, ఊరంతయు ఆమె గుణమును మెచ్చుకొనెను. అయినను పరిగె ఏరుకొను చోట పనివారు ఆమెను ఆమె దేశమును బట్టియే గుర్తించిరి. ఊరి గవినియొద్ద బోయజు ఆమెను వివాహమాడుదునని సాక్షుల యెదుట చెప్పునప్పుడు సహా ఆ మాట ఆమె పేరును అంటియే యుండెను.

అప్పుడు ఆ గవినియొద్ద కూర్చున్న పెద్దలు ఏమి చేసిరి? రాహేలు, లేయా అను తల్లుల పేర్లు ఎత్తి ఆమెను దీవించిరి. ఆ యిద్దరును పద్దనరాములోని తండ్రి యింటిని విడిచి పరదేశమునకు వచ్చిన స్త్రీలే కదా! మన యింటిని కట్టిన తల్లులు కూడ బయటినుండి వచ్చినవారే అని ఆ పెద్దలు జ్ఞాపకము చేసికొనిరి. ఆ తరువాతి వచనములలో ఆమె వట్టి రూతు. మత్తయి వ్రాసిన వంశావళిలో కూడ ఆమె వట్టి రూతే. దేశము పేరు లేదు.

నయోమిని గూడ మరువవద్దు. ఆమె సొంత ఊరికి తిరిగివచ్చినది. అయినను తన పాత పేరుతో తన్ను పిలువవద్దని కోరినది. తిరిగివచ్చినవారు కూడ పరదేశులుగా నుండగలరు. 1941 డిసెంబరు 23న రంగూనుమీద బాంబులు పడిన తరువాత లక్షలాది భారతీయులు బర్మా విడిచిరి. అనేకులు 1942లో అరకాను, అస్సాము కొండల గుండ నడిచి వచ్చిరి, దారిలో చనిపోయినవారెందరో. 1962లో సైనిక ప్రభుత్వము వచ్చిన పిమ్మట మరల వేలాది కుటుంబములు తిరిగివచ్చినవి. విశాఖపట్నములో బర్మా క్యాంపు అను పేట పేరు నేటికిని నిలిచియున్నది. బర్మాలో పుట్టి పెరిగిన ఆడుబిడ్డ ఇక్కడ దిగినప్పుడు, ఎన్నడు చూడని ఊరిని ఆమెకు సొంత ఊరని చెప్పిరి. అక్కడ ఆమె కోరింగీ. ఇక్కడ బర్మావారి పిల్ల. ఆమె రూతో నయోమియో ఎవరు చెప్పగలరు?

మనకు పాఠము

పరదేశములో స్త్రీకి స్థానము ఎట్లు కలుగును? తన పాత ఊరిని మరచుటవలన కాదు. రూతు మోయాబును మరచెనని ఎక్కడను వ్రాయబడలేదు. క్రొత్త ఊరివారు దయతలచి ఇచ్చువరకు వేచియుండుటవలన మాత్రమే కాదు. హన్నా జీవితములో మాకు కనబడినదేమనగా, తనకు స్థానము దొరకని చోట ఆమె మరియొక పరదేశినికి చోటు చేసెను. అయితే ఈ భారమంతయు వచ్చిన స్త్రీ మీదనే వేయుట న్యాయము కాదు. గవినియొద్ద కూర్చున్న పెద్దల పని పెద్దలదే. వరుస కలుపవలసినది ఊరివారు.

నేడును మన ఆడుబిడ్డలు హైదరాబాదునకు, చెన్నైకి, గల్ఫు దేశములకు, అమెరికాకు వెళ్లుచున్నారు. వారికి మనము డబ్బునుగూర్చి వ్రాయుచున్నామా, వారి దినమునుగూర్చి అడుగుచున్నామా? అదే సమయమున ఒడిషానుండి ఇటుక బట్టీల పనికి బిడ్డలను చంకనెత్తుకొని తల్లులు మన ప్రాంతములకు వచ్చుచున్నారు. ఇతర రాష్ట్రములనుండి కోడళ్లుగా వచ్చినవారు మన సంఘములలోనే వెనుక చాపమీద కూర్చుండుచున్నారు. వారిని మనము ఏ పేరుతో పిలుచుచున్నాము? ఒడియావాళ్లు, ఆ బట్టీవాళ్లు, ఫలానివారి కోడలు అనియా? ఈ నెలలో అట్టివారిలో ఒక్కరి పేరైనను అడిగి తెలిసికొని, ఆ పేరునకు ఒక వరుస కలుపుడి. స్త్రీల సమాజపు కూటములో ఆమెకు ముందువరుసలో చోటియ్యుడి.

ప్రార్థన

పరదేశులను కాపాడు దేవా, ఊరు విడిచి దూరముననున్న మా కుమార్తెలను నీ రెక్కలక్రింద దాచుము. మా ఊరికి వచ్చిన పరాయి తల్లులలో మా తల్లులను చూచు కన్నులను మాకనుగ్రహించుము. ఎవరి పేరును వారి దేశముతో ముగియనీయక, మా నోట వారిని మా యింటివారిగా పిలిపించుము. ఆమేన్.